పాత సినిమాకు పటం కట్టకండి

పాత హాలీవుడ్ సినిమాలను చంపుతున్నది కుర్రకారు అని మా బావగారి నిశ్చితాభిప్రాయం. చేతిలో ఫోను పట్టుకుని, పదేసి సెకన్ల ముక్కలు చూసి, నవ్వేసి, వేలితో పక్కకు తోసేసే ఈ తరానికి మంచి సినిమా అంటే ఏం తెలుస్తుందయ్యా అని ఆయన బాధ. నేను ససేమిరా ఒప్పుకోను. చంపుతున్నది మనం. తల నెరిసి, మోకాళ్లు అరిగి, "ఆహా, ఆ రోజులు!" అనడం తప్ప మరో పని లేకుండా కూర్చున్న మనమే ఆ సినిమాల పీక నొక్కుతున్నాం. అదీ పొగడ్తలతో.

కిందటి ఆదివారం జరిగిన సంగతి చెబుతాను. మా మనవరాలు ఇంజనీరింగ్ చదువుతోంది. తనంతట తానే వచ్చి, "తాతయ్యా, నువ్వెప్పుడూ చెబుతావే, పన్నెండుమంది జ్యూరీ సినిమా, ఇవాళ చూద్దామా?" అంది. నాకు పట్టరాని సంతోషం. 1957లో వచ్చిన 'ట్వెల్వ్ యాంగ్రీ మెన్' అది. టీవీలో పెట్టాం. ఇంతలో బావగారు దిగారు. దిగినవారు కాఫీ తాగి ఊరుకోవచ్చు గదా! "అమ్మడూ, ఇది చూసే ముందు నువ్వు కొన్ని విషయాలు గ్రహించాలి" అని మొదలెట్టారు. ఆ రోజుల్లో రచన అంటే ఏమిటి, నటన అంటే ఏమిటి, విలువలంటే ఏమిటి, ఇప్పుడు ఆ మూడూ ఎలా నశించాయి, పిల్లలు పెద్దల మాట వినకపోవడానికీ దానికీ గల సంబంధం ఏమిటి... ముప్పావుగంట! పిల్ల మొదట తలూపింది. తరవాత ఆవులించింది. ఆ తరవాత "అసైన్‌మెంటు ఉంది తాతయ్యా" అని లేచి గదిలోకి పోయింది.

బావగారు నా వంక చూసి, "చూశావా? ఓపిక లేదు" అన్నారు.

సినిమా నిడివి తొంభై ఆరు నిమిషాలు. దానికి ఉపోద్ఘాతం నలభై అయిదు. ఓపిక ఎవరికి లేదో పాఠకులే చెప్పాలి.

ఆయన్ని అనడానికి నాకు మాత్రం ఏం మొహం ఉంది? మా అబ్బాయికి ఇప్పుడు నలభై అయిదేళ్లు. ఈనాటికీ నలుపు తెలుపు సినిమా అంటే, చిన్నప్పుడు ముక్కు మూసి ఆముదం పట్టించినవాడిలా మొహం పెడతాడు. ఆ ఆముదం పట్టించింది నేనే. వాడికి పదేళ్లప్పుడు చాప్లిన్ బొమ్మకు తీసుకెళ్లి, నవ్వుతున్నవాణ్ణి నవ్వనివ్వకుండా, "ఇక్కడ గమనించు, ఇది దారిద్ర్యం మీద వ్యాఖ్యానం" అని చెవిలో పోరు పెట్టాను. ఆ కుర్రవాడు మళ్లీ చాప్లిన్ జోలికి పోలేదు. అంచేత ఈ తగాదా బావగారితో ఎంతో, నాతో నాకూ అంత.

ముందు ఆ నెమ్మది సంగతి తేల్చాలి. పాత సినిమాలు నత్తనడక అని కుర్రవాళ్లు తిడతారు. "ఎంత నింపాదిగా ఉండేవి!" అని పెద్దవాళ్లు మెచ్చుకుంటారు. తిట్టేవాడూ మెచ్చేవాడూ ఒకే అబద్ధం ఆడడం నేను ఇక్కడే చూశాను. 1940లో హవర్డ్ హాక్స్ తీసిన 'హిజ్ గర్ల్ ఫ్రైడే' పెట్టుకుని చూడండి. పత్రికాఫీసు కథ. మూలం ఒక నాటకం. అందులో విలేఖరి మగవాడు. హాక్స్ ఆ విలేఖరిని ఆడమనిషిని చేసి, సంపాదకుడికి విడాకులిచ్చిన భార్యను చేశాడు. దాంతో ఆఫీసు తగాదా కాపురం తగాదా కూడా అయి కూర్చుంది. కారీ గ్రాంట్ ఒక మాట పూర్తి చేసే లోపల రోజలిండ్ రసెల్ రెండు అంటుంది. ఆ రెంటి మధ్య పక్కవాడు మూడోది దూరుస్తాడు. ఒకరి మాట మీద ఒకరి మాట పడేటట్టు కావాలనే రాసుకున్నారు. నేను మొదటిసారి చూసినప్పుడు సగం మాటలు అందలేదు. మొత్తం తొంభై రెండు నిమిషాలు. మన సినిమాలో నాయకుడు నేలమీద కాలు మోపడానికీ, ఆ కాలికింద దుమ్ము లేవడానికీ, ఆ దుమ్ములోంచి ఆయన తల తిప్పడానికీ పట్టే కాలంలో వీళ్లు ఒక పెళ్లి చెడగొట్టి, ఒక ఖైదీని బల్లపెట్టెలో దాచేస్తారు. నెమ్మది ఎవరిదయ్యా?

ఇక విలువలు. "ఆ రోజుల్లో హాలీవుడ్ వాడు కూడా హద్దులో ఉండేవాడు" అంటారు బావగారు. ఈ మాట వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

1933లో 'బేబీ ఫేస్' అని ఒక బొమ్మ వచ్చింది. బార్బరా స్టాన్‌విక్ నాయిక. ఓ పెద్ద బ్యాంకులో కింది అంతస్తులో ఉద్యోగానికి చేరి, ఒక్కొక్క మగవాణ్ణే మెట్టుగా చేసుకుని పై అంతస్తులకు ఎగబాకుతుంది. ఆవిడ ఎక్కినప్పుడల్లా కెమెరా కూడా భవనం బయట కిటికీల వెంట పైకి పాకుతుంది. కత్తెర పడని అసలు ప్రతి 2004 దాకా బయటపడలేదు. ఇలాంటివి చూసి అమెరికాలో పెద్దలు గగ్గోలు పెట్టారు. 1930లోనే ఒక నియమావళి రాసుకున్నారు గాని ఎవరూ ఖాతరు చెయ్యలేదు. 1934లో జోసెఫ్ బ్రీన్ అనే ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ఆయన ముద్ర లేనిదే బొమ్మ బయటికి రాకూడదన్నారు. మీరితే ఇరవై అయిదు వేల డాలర్ల జరిమానా. అప్పటినించీ తెరమీద మొగుడూ పెళ్లాలకు కూడా విడి విడి మంచాలు వచ్చాయి. దొంగ ఎంత తెలివిగలవాడైనా ఆఖరి రీలులో పట్టుబడి తీరాలి. ముద్దు సుదీర్ఘంగా ఉండరాదు. 1968 దాకా ఇదే వరస. మా బావగారు విలువలంటున్నవి ఈ జరిమానాలనే!

పోనీ, ఆ హద్దులో బుద్ధిగా ఉన్నారా? 1946లో హిచ్‌కాక్ 'నొటోరియస్' తీశాడు. ముద్దు పొడుగ్గా ఉండకూడదంటే, ఆయన నాయికానాయకుల చేత మధ్య మధ్య మాటలాడించాడు, రాత్రి భోజనంలోకి కోడికూర సంగతి చెప్పించాడు, ఫోను చేయించాడు. ఏ ముక్కకా ముక్క చట్టానికి లోబడే ఉంది. అన్నీ కలిపితే రెండున్నర నిమిషాలు! మన ఇంట్లో కుర్రవాడు ఇలా చేస్తే గడుసుతనం అంటాం, విలువలనం.

ఈ నవ్వులాట అటుంచండి. ఆ నియమావళిలో ఇంకో నియమం కూడా ఉండేది. తెల్లవాళ్లకూ నల్లవాళ్లకూ మధ్య ప్రేమ సంబంధం తెరమీద చూపరాదని. అది కూడా విలువే కాబోలు! 'గాన్ విత్ ద విండ్'లో దాదిగా వేసిన హాటీ మెక్‌డేనియల్ 1940లో ఆస్కార్ బహుమతి అందుకుంది. నల్లవారిలో అది మొట్టమొదటిది. విందు జరిగిన హోటలు నల్లవారిని రానివ్వని చోటు. నిర్మాత ప్రత్యేకంగా అడిగితే రానిచ్చారు గాని, తన సినిమా వాళ్ల బల్ల దగ్గర కాదు, విడిగా గోడ పక్క ఒక చిన్న బల్ల వేశారు. అంతకు రెండు నెలల కిందట, 1939 డిసెంబరులో, ఆ సినిమా మొదటి ఆట అట్లాంటాలో పడితే, ఆవిడ దానికి వెళ్లలేకపోయింది. మన ఊళ్లల్లో విడిగా గ్లాసు పెట్టిన హోటళ్లు తెలిసినవాళ్లకు ఈ చిన్న బల్ల గురించి నేను వేరే చెప్పనక్కర్లేదు.

1937లో 'ద గుడ్ ఎర్త్' వచ్చింది. చైనా రైతు కాపురం కథ. చైనా సంతతి నటి ఆనా మే వాంగ్ అక్కడే, లాస్ ఏంజిల్స్‌లోనే పుట్టి పెరిగింది, పేరున్న తార. అయినా ఆ ఇల్లాలి వేషం జర్మనీలో పుట్టిన లూయిజ్ రైనర్‌కు, కళ్లకు రంగు దిద్ది ఇచ్చారు. ఆస్కార్ కూడా ఇచ్చారు. మనకు మరీ దగ్గరి సంగతి ఇంకోటుంది. 'వదరింగ్ హైట్స్' నాయిక మెర్ల్ ఒబెరాన్ బొంబాయిలో పుట్టిన ఆంగ్లో ఇండియన్ పిల్ల. ఆ మాట బయటపడితే వేషాలు పోతాయని, నేను టాస్మేనియాలో పుట్టానని జీవితాంతం చెప్పుకుంది. తెరమీద ఆవిడ మొహాన పడే ఆ కాంతిని మా బావగారు తెగ మెచ్చుకుంటారు. ఆ కాంతి వెనకాల ఒక మనిషి తను పుట్టిన ఊరి పేరు మింగేసిందని తెలిస్తే ఆ మెప్పు గొంతులో అడ్డం పడుతుంది.

'రోమన్ హాలిడే' మన దేశంలో కూడా తెలియనివారు లేరు. ఎంత తియ్యటి సినిమా! 1953. ఆ కథ రాసిన డాల్టన్ ట్రంబో కమ్యూనిస్టుల వ్యవహారంలో, పేర్లు చెప్పనన్నందుకు 1950లో జైలుకు వెళ్లి వచ్చినవాడు. ఆయన పేరు తెరమీద వెయ్యడానికి వీల్లేదు. ఇయాన్ మెక్‌లెలన్ హంటర్ అనే మిత్రుడి పేరు వేశారు. ఆస్కార్ కూడా ఆ మిత్రుడికే వచ్చింది. ట్రంబో 1976లో పోయాడు. ఆయన బహుమతి 1993లో ఆయన భార్య చేతికి ఇచ్చారు. రచయితగా ఆయనకు పూర్తి గుర్తింపు రావడానికి 2011 దాకా పట్టింది. ఇప్పుడు ఆ రాకుమారి తన పేరు దాచుకుని ఒక్కరోజు వీధుల్లో తిరిగిన కథ మళ్లీ చూడండి. పేరు లేనివాడు రాసిన కథ అది.

"అయితే ఇవేవీ చూడొద్దంటావా?" అని బావగారు నా మీదికి లేచారు. అదిగో, అక్కడే ఉంది తిరకాసు. పవిత్రం కాదంటే పారెయ్యాలనుకోవడం భక్తుల అలవాటు. నేను చూడమంటున్నాను. కళ్లు తెరుచుకుని చూడమంటున్నాను. 'గాన్ విత్ ద విండ్' చివర్లో మెక్‌డేనియల్ మెట్లెక్కుతూ, ఆ ఇంట్లో పసిపిల్ల పోయిన వైనం ఏడుస్తూ చెబుతుంది. అంతకు ముందు మూడు గంటలపాటు ఆ సినిమా బానిసత్వానికి జరీ అంచు వేసి చూపిస్తుంది. ఆ మెట్ల మీద మాత్రం ఆ జరీ అంతా ఊడిపోయి ఒక మనిషి మిగులుతుంది. చిన్న బల్ల సంగతి తెలిసి చూస్తే ఆవిడ ఎంత ఎత్తున నిలబడిందో తెలుస్తుంది. తెలియకుండా చూస్తే "భలే దాది" అనిపించి ఊరుకుంటుంది.

ఇంకో జాతి ఉంది. వీళ్లు పాత హాలీవుడ్ చూసేది మనవాళ్ల దొంగతనం పట్టుకోవడానికి. 1934 నాటి 'ఇట్ హాపెన్డ్ వన్ నైట్' పెడితే చాలు, "ఇదే, ఇదే, రాజ్ కపూర్ 'చోరీ చోరీ' దీన్నుంచే!" అని ఎగురుతారు. 'ట్వెల్వ్ యాంగ్రీ మెన్' అంటే 1986లో బాసు చటర్జీ తీసిన 'ఏక్ రుకా హువా ఫైసలా' అంటారు. నిజమే నాయనా, కాదన్నదెవరు? దొంగ దొరికాడు, కేసు తేలింది. ఇప్పుడైనా కూర్చుని సినిమా చూడు.

అసలు ఈ 'క్లాసిక్' ముద్ర ఎవరు వేస్తారు? ఏదో పండిత సభ కూర్చుని తీర్మానించినట్టు మాట్లాడతాం. 1946లో ఫ్రాంక్ కాప్రా 'ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్' తీశాడు. మండు వేసవిలో, నిప్పు లార్పే నురగను సబ్బుతో కలిపి మంచు కురిపించాడు. అంతవరకూ హాలీవుడ్‌లో మంచంటే తెల్లరంగు వేసిన మొక్కజొన్న అటుకులు. అవి కాలికింద కరకరలాడితే మాటలు రికార్డు కావని ఈ ఏర్పాటు. ఇంతా చేస్తే సినిమాకు నష్టం వచ్చింది. వడ్డీ వ్యాపారిని దుర్మార్గుడిగా చూపడం కమ్యూనిస్టు ప్రచారమేమోనని ఎఫ్‌బీఐ వాళ్లు కాగితం రాసుకున్నారు. తరవాత దాన్ని మరిచిపోయారు. 1974లో కాపీరైటు పొడిగింపు కాగితం ఎవరో పెట్టడం మరిచారు. ఇంకేం, ఉచితంగా వస్తోంది గదా అని టీవీ స్టేషన్లవాళ్లు ప్రతి క్రిస్మస్‌కూ వేసిందే వేశారు. చూసిందే చూసి జనం ప్రేమించారు. ఈవేళ అమెరికాలో అది పండగ పిండివంట. గుమాస్తా ఆ కాగితం వేళకు పంపి ఉంటే మా బావగారు దాని పేరు కూడా ఎరిగి ఉండరు.

ఆ అదృష్టం లేనివి ఎన్నో! అమెరికాలో మూకీల కాలంలో సుమారు పదకొండు వేల పెద్ద చిత్రాలు వచ్చాయి. వాటిలో మొదట విడుదలైన రూపంలో పూర్తిగా మిగిలినవి నూటికి పధ్నాలుగని 2013లో వాళ్ల లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ లెక్క తేల్చింది. 1937లో న్యూజెర్సీలో ఫాక్స్ కంపెనీ గోదాము తగలబడి ఎన్నో బూడిదయ్యాయి. చాలావాటిని కంపెనీలే చోటు చాలదని, ఫిల్ములోని వెండి కోసం కరిగించేశాయి. నవ్వకండి. 1921లో మనవాళ్లు తీసిన 'భీష్మ ప్రతిజ్ఞ' మాత్రం ఎక్కడుంది? మనం చూస్తున్నవి కాలం ఎంచి పెట్టిన ఆణిముత్యాలు అనుకోవడం పొరపాటు. మంటల్లోంచీ, తుక్కు కొట్లలోంచీ బతికి బయటపడినవి. బతికి వచ్చిన మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని కబుర్లు చెప్పించుకుంటామా, పటం కట్టి దండ వేస్తామా?

రంగుల మాట కూడా ఒకటి చెప్పాలి. 1980లలో అమెరికాలో ఒక టీవీ యజమాని పాత బొమ్మలకు కంప్యూటరు చేత రంగులు పూయించాడు. 'కాసాబ్లాంకా'కు కూడా పూశారు. పెద్ద పెద్ద దర్శకులు మండిపడ్డారు. మనవాళ్లు 2010లో 'మాయాబజార్'కు రంగులేశారు. నేనూ వెళ్లాను, చప్పట్లూ కొట్టాను. అబద్ధమెందుకు? ఇంటికొచ్చి నలుపు తెలుపు ప్రతి మళ్లీ పెట్టుకుంటే, పడవ మీద మార్కస్ బార్ట్లే కురిపించిన వెన్నెల వెన్నెలగానే ఉంది. రంగుల్లో ఉన్నది ఊరికే నీలం.

'కాసాబ్లాంకా' పేరు వచ్చింది గనక ఒక్కమాట. 1942 నాటిది. నూట రెండు నిమిషాలు. దీన్ని అందరూ ప్రేమకథ అంటారు. నాకు అందులో పక్కవాళ్లు ముఖ్యం. పేరు పడిన నటీనటుల్లో అమెరికాలో పుట్టినవాళ్లు ముగ్గురే. మిగతా వాళ్లలో చాలామంది హిట్లరు పుణ్యమా అని ఊరు విడిచి వచ్చినవాళ్లు. నాజీ మేజరుగా వేసిన కాన్రాడ్ వైట్ జర్మను నటుడు. భార్య యూదు స్త్రీ, 1933లో దేశం వదిలిపోయాడు. తనను తరిమినవాళ్ల యూనిఫారమే తొడుక్కుని పొట్ట పోసుకున్నాడు. హోటల్లో జర్మను అధికారులు తమ పాట పాడుతుంటే, జనమంతా లేచి ఫ్రెంచి జాతీయగీతం అందుకునే ఘట్టం ఉంది. అందులో కళ్ల నీళ్లు కారుతుండగా పాడే పిల్ల మదలీన్ లెబో. 1940లో జర్మను సేన పారిస్‌కు వస్తుంటే భర్తతో పారిపోయి లిస్బన్ మీదుగా వచ్చింది. ఆ భర్త మార్సెల్ డాలియో. అదే హోటల్లో జూదపు బల్ల దగ్గర చిన్న వేషంలో ఉంటాడు. సినిమా తీసేనాటికి పారిస్ ఇంకా జర్మనుల చేతిలోనే ఉంది, యుద్ధం ఎవరు గెలుస్తారో తెలియదు. వాళ్లకది చరిత్ర కాదు, ఆ పూట వార్త. ఆ కొద్ది నిమిషాలూ చూపించి, నోరు మూసుకుని పక్కన కూర్చుంటే ఏ కుర్రవాడూ ఫోను ముట్టుకోడు.

చాప్లిన్ 'సిటీ లైట్స్' కూడా అంతే. టాకీలు వచ్చి నాలుగేళ్లయినా 1931లో ఆయన మాటలు లేకుండానే తీశాడు. పూలమ్మే పిల్ల గుడ్డిది. ఈ దేశదిమ్మరిని ధనవంతుడని అనుకోవాలి. మాట లేని సినిమాలో, చూపు లేని పిల్లకు అది ఎలా తెలియాలి? ఈ ఒక్క చిక్కు విడక ఆయన ఆ దృశ్యాన్ని లెక్కలేనన్నిసార్లు తీశాడు. చివరికి దొరికింది: వీధిలో ఆగి ఉన్న కారులోంచి ఇటు ఎక్కి అటు దిగుతాడు, తలుపు వేసిన చప్పుడు విని ఆ పిల్ల ఎవరో దొర దిగాడనుకుంటుంది. మూకీలో కథ అంతా ఒక చప్పుడు మీద నడిచింది! మా అబ్బాయి చెవిలో నేను పోసింది "దారిద్ర్యం మీద వ్యాఖ్యానం". ఆ కారు తలుపు చూడనిచ్చి ఉంటే వాడే కనిపెట్టేవాడు.

ఆదివారం రాత్రి పదింటికి మనవరాలు మళ్లీ వచ్చింది. బావగారు ముందుగదిలో నిద్రపోతున్నారు. "తాతయ్యా, చప్పుడు చెయ్యకుండా పెడదామా?" అంది. పెట్టాం. నేను నోటికి తాళం వేసుకున్నాను. గంట గడిచాక పిల్ల సినిమా ఆపింది.

"తాతయ్యా, ఈ గది మొదట్లో ఇంకా పెద్దగా లేదూ? ఇప్పుడేమిటి కప్పు వాళ్ల నెత్తిమీదికి వచ్చేసింది?"

దర్శకుడు సిడ్నీ ల్యూమెట్‌కు అది మొదటి సినిమా. మొదట కెమెరాను కంటికి పైనుంచి, తరవాత కంటికి సమంగా, చివరికి కిందనించి పెట్టాడు. పోను పోను లెన్సులు మార్చి గోడలు దగ్గరికి లాగాడు. ఇదంతా నా నాలిక చివర ఉంది. నలభై ఏళ్లుగా సభల్లో చెబుతున్నదే. "ఏమో, చూడు మరి" అన్నాను.

ఈ మాటలకు బావగారు లేచారు. కళ్లజోడు తడుముకుంటూ వచ్చి, "అమ్మడూ, దీని వెనకాల..." అన్నారు.

"కూర్చో పెద్ద తాతయ్యా, అయిపోయాక చెబుదువుగాని" అని అది సోఫాలో కాస్త జరిగింది. ఆయన కూర్చున్నారు. మిగిలిన అరగంటా ఒక్క మాట మాట్లాడలేదు. తీరా అయిపోయి, పిల్ల పడుకోబోయాక, నా వైపు వంగి రహస్యంగా అడిగారు:

"ఒరేయ్, ఇంతకీ ఆ కుర్రాడు తండ్రిని చంపాడా, లేదా?"

సినిమాలో ఎక్కడా ఆ సంగతి చెప్పరు. ఆ మాట కూడా నేను ఆయనకు చెప్పలేదు. రేపు మళ్లీ చూస్తామంటున్నారు.